ఐసు పెట్టెలో తెచ్చిన శాంపిల్

పొద్దున్నే ముఖం కడుక్కుని వచ్చేసరికి వంటింటి గట్టు మీద గ్లాసు సిద్ధంగా ఉంది. లోపల ఏదో నల్లగా, చిక్కగా ఉంది. పైన పొడి తేలుతోంది. గ్లాసు పక్కన అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు, టికెట్ తీసుకోకుండా ఎక్కినవాడిని పట్టుకున్నట్టు.

"తాగమ్మాయ్. ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో లాగెయ్. త్వరగా కానీ, వెనకాల జనం ఉన్నారు."

వెనకాల ఎవరూ లేరు. అత్తగారు ఉద్యోగమంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఎవరు కాస్త నెమ్మదిగా కదిలినా, వెనకాల జనం తోసుకొస్తున్నట్టే ఉంటుంది ఆవిడకి.

"అత్తయ్యా, నిన్నటి చేదే ఇంకా నోట్లో ఉంది."

"చేదుగా ఉంటేనే మందంటారు. తియ్యగా ఉంటే జ్యూసంటారు. మా డిపోలో టైమ్‌కీపరు కోడలు ఇదే తాగింది. ఏమైంది? కవలలు!"

కోడలు కళ్ళు మూసుకుని తాగేసింది. ఆ చేదు నాలుక మీద ఎక్కి కూర్చుందంటే మధ్యాహ్నం భోజనం దాకా దిగదు. ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. వీధిలో అందరూ ఆమెను అద్దాలమ్మాయి అనే పిలుస్తారు. ఇంటికి వచ్చినవాళ్ళు ఆమె అసలు పేరు ఎప్పుడైనా అడిగితే అత్తగారే ఒక క్షణం ఆలోచించాల్సి వస్తుంది.

ఇంతటి ఘట్టం జరుగుతుంటే ఆమె భర్త బల్ల దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అందులో సినిమాలూ లేవు, వార్తలూ లేవు. ఊళ్ళో ఏ గోదాములో ఎంత చల్లగా ఉందో చూపించే అంకెలు ఉన్నాయి. అతను చలిగదుల మెకానిక్. పళ్ళు నిలవచేసే గదులు, పూలు దాచే గదులు, టీకాల మందులుండే డిపోలు, అన్నిటికీ అతనే దిక్కు. పనివాళ్ళందరూ మంచు మాస్టారూ అని పిలుస్తారు. చల్లదనమంటే అతనికి దాదాపు భక్తి. పాలు విరిగినా, పూలు వాడినా, పక్కింట్లో మొగుడూ పెళ్ళాలు అరుచుకున్నా అతను చెప్పే కారణం ఒక్కటే: సరిపడా చల్లదనం లేదు.

వాళ్ళిద్దరి పరిచయం కూడా చలి పుణ్యమే. చలిగదిలోంచి బయటికి రాగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనపడటం లేదని ఒకరోజు ఆమె షాపుకి వచ్చాడు. ఆమె ఒక మెత్తటి గుడ్డముక్క ఇచ్చింది. మర్నాడు గుడ్డ పోయిందన్నాడు. ఆ మర్నాడు చిరిగిందన్నాడు. తర్వాత పిల్లి ఎత్తుకుపోయిందన్నాడు. పెళ్ళయ్యాక చూస్తే అతని సొరుగులో గుడ్డలన్నీ మడతపెట్టి వరసగా ఉన్నాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు నవ్వొస్తుంది. ఆ ఒక్క జ్ఞాపకం వల్లే చాలా గొడవలు మధ్యలో ఆగిపోయాయి.

కానీ ఈ మధ్య ఆ గుడ్డలు కూడా ఆపలేకపోతున్నాయి. పెళ్ళయి ఏళ్ళు గడుస్తున్నాయి. పిల్లలు లేరు. ఆమెకు రక్తపరీక్షలు చేశారు, స్కాన్లు చేశారు, గర్భసంచి నాళాల్లోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఆ రోజు బల్ల అంచు పట్టుకుని అరిచిన నొప్పి ఇంకా గుర్తుంది. అన్నీ బాగున్నాయన్నారు. బాగుంటే మరి ఏమిటి? కడుపుకి చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూద్దామన్నారు. ఇంత జరుగుతున్నా మంచు మాస్టారు ఒక్కసారి కూడా తను ఏ పరీక్షా చేయించుకోలేదు. ఎప్పుడడిగినా ఏదో ఒక సాకు. పళ్ళ సీజను. కంప్రెసరు మొరాయించింది. డిపోలో తనిఖీ. అన్నీ అయిపోయాక చివరికి మిగిలేది: "నాకేమైందే? రాయిలా ఉన్నాను."

ఆ ఆపరేషన్‌కి తేదీ తీసుకోవడానికే ఆ సాయంత్రం ఒక కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ ఫైలు చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు పైకీ కిందికీ ఊపింది.

"ఇవన్నీ మీవి. మీవారివి ఏవీ?"

"ఆయనకేం లేదండీ."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే."

అన్నాక తను ఏమందో తనకే వినిపించింది. చెవులు వేడెక్కాయి. డాక్టరమ్మ నవ్వలేదు, అదే నయం.

"పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందమ్మా. ఒక్కోసారి అదొక్కటే కారణం. మనిషి దిట్టంగా కనిపించినంత మాత్రాన వీర్యకణాలు బాగున్నాయని కాదు. అది కంటికి తెలిసేది కాదు, పరీక్షించి చూడాలి. సూది లేదు, నొప్పి లేదు. అందరికంటే ముందు చెయ్యాల్సిన పరీక్ష అది. ఆ రిపోర్టు నా బల్ల మీదికి వచ్చేదాకా మీ కడుపు మీద నేను చెయ్యి వెయ్యను."

ఆమె కోపంతో దబదబా మెట్లు దిగింది. సూది లేదట. నొప్పి లేదట. మరి ఇన్నాళ్ళూ?

కింద వ్యాను ఆపుకుని మంచు మాస్టారు ఎదురుచూస్తున్నాడు. ఎక్కి తలుపు గట్టిగా వేసింది.

"ఏమంది డాక్టరు?"

"మిమ్మల్ని రమ్మంది."

మామూలుగా వాళ్ళిద్దరి మధ్యా నువ్వే. ఆమె మీరు అన్నదంటే లోపల పొయ్యి అంటుకున్నట్టే. అతను ఇంజను ఆపేశాడు.

"నన్నా? నేనెందుకు?"

"పిల్లలు నా ఒక్కదానికే పుడతారా?"

"అది కాదే..."

"మరేది? మా షాపుకొచ్చి ఎవరైనా, కుడికన్ను ఒక్కటే చూడు, ఎడమకన్ను జోలికి రాకు, అది రాయిలా ఉంది అంటే నేను అద్దాలిస్తానా?"

"ఇవ్వవు."

"మరి నన్నొక్కదాన్నే ఎన్నిసార్లు చూపించుకోమంటారు? రంగెక్కించారు, రక్తం తోడారు, పొద్దున లేస్తే మీ అమ్మగారి తారు తాగుతున్నాను. మీరు ఒక చిన్న డబ్బా పట్టుకుని వెళ్ళడానికి సీజను అడ్డం!"

అతను స్టీరింగు మీద వేలితో గీతలు గీశాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"అక్కడ తెలిసినవాళ్ళు ఎవరైనా కనిపిస్తే?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

ఇదా సంగతి! ఆమెకు ఒక్కసారిగా జాలేసింది, దానితోపాటే ఒళ్ళు మండింది.

"కనిపిస్తే వాళ్ళూ అందుకే వచ్చుంటారు. నమస్కారం పెట్టి రా."

నువ్వులోకి దిగిందని అతను గమనించాడు. ఇంజను మళ్ళీ స్టార్టయింది.

ఆ వారంలోనే అతను ల్యాబుకి వెళ్ళాడు, ఒక్కడే. శాంపిల్ ఇచ్చిన రోజు సాయంత్రం షాపు మూసే వేళకి రెండు ఐస్‌క్రీములు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ వ్యాను వెనక తలుపు తెరుచుకుని, కాళ్ళు వేలాడేసుకుని తిన్నారు. అతని ముక్కు చివర తెల్లగా అంటుకుంది. ఆమె చెప్పలేదు, కాసేపు చూసుకుని మురిసిపోయింది.

"ఇంతకీ ఇచ్చేశావా?"

"ఇచ్చేశా."

"ఇబ్బంది ఏమీ కాలేదా?"

"కౌంటరులో అమ్మాయి డబ్బా ఇచ్చి ఏవేవో చెప్పబోయింది. వినడానికి నేను తల ఎత్తితే కదా! గంటలోపు తెచ్చివ్వాలన్నది మాత్రం వినపడింది. లాక్కుని ఇంటికొచ్చేశా. తర్వాత మన పని సంగతి నీకు తెలుసుగా, పక్కా. ఫస్ట్ క్లాస్ కండిషన్లో అందించాను."

ఆ మాట ఆమెకు ఎంత హాయిగా అనిపించిందంటే, దాని అర్థమేమిటని అడగాలనే తోచలేదు. ఐస్‌క్రీము కారకుండా అంచు చుట్టూ నాకుతూ, ఈ మనిషి మారాడు అనుకుంది.

రిపోర్టు అతని ఫోనుకే వచ్చింది. ఆమె ఇంటికి చేరేసరికి వ్యాను సందు చివర ఆగి ఉంది, మనిషి మాత్రం పైకి రాలేదు. వెళ్ళి చూస్తే లోపలే కూర్చుని ఉన్నాడు. అద్దాలన్నీ మూసేసి ఉన్నాయి. ఏసీ వెయ్యలేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఏసీ లేని వ్యానులో అతన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

అతను ఫోను చేతికిచ్చాడు. అర్థంకాని మాటలు చాలా ఉన్నాయి. ఒక వరస మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. కదలిక దగ్గర సున్నా.

"ఒక్కటీ కదలట్లేదట," అన్నాడు. "ఒక్కటంటే ఒక్కటి."

"మందులుంటాయి కదా."

"సున్నాకి మందేముంటుందే?" కాసేపాగి, ఎదురుగా గోడని చూస్తూ అన్నాడు. "నువ్వు చిన్నదానివే. నాతో ఉండి నీ జీవితం... ఇంకో పెళ్ళి..."

"నోరు ముయ్యండి!"

సందులో ఆడుకుంటున్న కుక్కపిల్ల ఆగి చూసింది.

"ఇన్నాళ్ళు పరీక్షకు రమ్మని బతిమాలితే రాలేదు. వచ్చి, ఒక్క కాగితం చూసి కాపురానికే తాళం వేసేస్తారా? మీ చలిగది ఆగిపోతే గోదాము అమ్మేసుకోమంటారా, స్క్రూడ్రైవరు తీస్తారా?"

అతను అద్దం కిందికి దించాడు, అంతే.

ఆ రాత్రి ఆమె ఏడ్చింది, కానీ అదేమంత కష్టమనిపించలేదు. అసలు కష్టం మర్నాడు పొద్దున వచ్చింది. గట్టు మీద గ్లాసు. పక్కన అత్తగారు. బల్ల దగ్గర అతను.

"కానీ అమ్మాయ్. వెనకాల జనం."

గ్లాసు చేతిలోకి తీసుకుని భర్త వైపు చూసింది. అతనికి తెలుసు. ఇది ఆమె తాగాల్సింది కాదని ఈ ఇంట్లో ఆమెతో పాటు తెలిసినవాడు అతనొక్కడే. ఒక్క మాట, అమ్మా ఇవాళ వద్దులే అంటే చాలు. అతను ఫోనులోని అంకెల వైపే చూస్తున్నాడు. ఏ గోదాము అంకెలో దేవుడికే తెలియాలి, తెర ఆరిపోయి నల్లగా ఉంది.

ఆమె తాగింది. ఆ మర్నాడూ తాగింది. చేదు సంగతి అలా ఉంచితే, అతని మౌనం మాత్రం గొంతు దిగడం లేదు. షాపులో ఒక ముసలాయన చార్టులో పెద్ద అక్షరం కూడా తప్పు చదివితే విసుక్కుంది. తర్వాత ఆయనకి క్షమాపణ చెప్పి, వెనకగదిలోకి వెళ్ళి, అద్దాలు అరగదీసే మిషను ఆన్ చేసి దాని చప్పుడులో గట్టిగా తిట్టుకుంది. భర్తనో, అత్తగారినో, టైమ్‌కీపరు కోడలినో, అందరినీ కలిపో.

డాక్టరమ్మ వాళ్ళని మగవాళ్ళ సమస్యలు చూసే ఇంకో డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన్ని కలవడానికి సమయం దొరికేసరికి నెల అయింది. తెల్లగడ్డం, నిదానమైన మనిషి. రిపోర్టు చూసి పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఈ మధ్య పెద్ద జ్వరం ఏమైనా వచ్చిందా? చిన్నప్పుడో పెద్దయ్యాకో గవదబిళ్ళలు వచ్చి కింద వాపు వచ్చిందా? దెబ్బలు, ఆపరేషన్లు? సిగరెట్లు? కండలు పెరగడానికి ఇంజెక్షన్లు ఏమైనా? బట్టీల దగ్గర, వేడి దగ్గర పని చేస్తారా?

"వేడా?" మంచు మాస్టారికి పౌరుషం వచ్చింది. "చలిగదుల మెకానిక్‌నండీ."

"మంచిది. శాంపిల్ ఇక్కడే ఇచ్చారా, ఇంటి దగ్గరా?"

"ఇంటి దగ్గరేనండీ."

"ఎలా తీసుకొచ్చారు?"

మంచు మాస్టారు నిటారుగా కూర్చున్నాడు. నెల రోజులుగా వంగిపోయి ఉన్న వెన్ను అది. చాలాకాలానికి ఎవరో అతనికి తెలిసిన విషయం అడిగారు.

"ఆ విషయంలో మీరు బెంగ పెట్టుకోకండి. ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలియదు కదా అని టీకాలు తీసుకెళ్ళే పెట్టె వాడాను. నాలుగు పక్కలా ఐసు ప్యాకులు, మధ్యలో డబ్బా, పక్కన థర్మామీటరు. దారి పొడుగునా ఎక్కడా తేడా రానివ్వలేదు. డిపోలో మందులకు కూడా ఇంత జాగ్రత్త తీసుకోరు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"ఐసులో పెట్టారా?"

"పెట్టానండీ."

"కౌంటరులో వాళ్ళు చెప్పలేదా? ఒంటి వేడికి తగ్గకుండా, చొక్కా లోపల పెట్టుకుని తేవాలని?"

"చెప్పబోయారు," అంది అద్దాలమ్మాయి. ఆమె గొంతు ఆమెకే వింతగా వినిపించింది. "ఈయన వినలేదు. ఈయన తల ఎత్తలేదు."

"మరి బ్యాంకుల్లో గడ్డకట్టించి దాస్తారు కదండీ?" అన్నాడు మంచు మాస్టారు. ఆ ప్రశ్నలో వృత్తి మీద నమ్మకం ఇంకా కాస్త మిగిలి ఉంది.

"దాస్తారు. ముందు వాటిని కాపాడే ద్రావణం కలిపి, ఒక పద్ధతిలో చల్లబరిచి దాస్తారు. మీరు చలికాలం చెరువులో తోసినట్టు తోశారు. కదలమంటే ఎలా కదులుతాయి?"

అద్దాలమ్మాయికి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆగలేదు. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు కారాయి, నవ్వుతూనే భర్త భుజం మీద గట్టిగా ఒకటేసింది. సున్నా అని చూసి రాత్రంతా ఏడ్చిన ఏడుపు! ఇంకో పెళ్ళి చేసుకోమన్న త్యాగం! ఈ మహానుభావుడు ఒంటి లోపలి ప్రాణాలని టమాటాల్లా ప్యాక్ చేసి పంపాడు!

"జీవమున్నదేదైనా చల్లగా ఉంచాలనుకున్నానే," అన్నాడతను దీనంగా.

"మీకు పుట్టబోయే పిల్లలని కూడా ఫ్రిజ్‌లోనే పెడతారా?"

డాక్టరు ఇద్దరూ సర్దుకునేదాకా ఆగాడు. "ఇంకో పరీక్ష చేద్దాం. అసలు ఒక్క రిపోర్టు పట్టుకుని ఎవరికీ ఏమీ తేల్చి చెప్పకూడదు. ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ముందు మిమ్మల్ని ఒకసారి చూడాలి. తెర వెనక్కి రండి, నిలబడే చూస్తాను."

తెర వెనకనుంచి మాటలు వినిపించాయి. దగ్గమన్నాడు. ఊపిరి బిగపట్టమన్నాడు. తిరిగి వచ్చి కూర్చున్నాక డాక్టరు ఒక కాగితం మీద బొమ్మ గీశాడు.

"ఎడమవైపు వృషణం పైన సిరలు ఉబ్బి ఉన్నాయి. దీన్ని వేరికోసీల్ అంటారు. చాలామంది మగవాళ్ళలో ఉంటుంది, చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి మాత్రం కణాలు తగ్గుతాయి, బలహీనపడతాయి. ఆ చోటు ఒంటికంటే కాస్త చల్లగా ఉండాలి. అందుకే అది శరీరం బయట వేలాడుతూ ఉంటుంది. ఈ సిరల్లో రక్తం పైకి మాత్రమే పోవాలి, వెనక్కి రాకుండా లోపల చిన్న చిన్న తలుపులుంటాయి. అవి వదులైపోతే..."

"నాన్ రిటర్న్ వాల్వు పోయింది!" అన్నాడు మంచు మాస్టారు.

డాక్టరు ఆగాడు.

"రివర్స్ వస్తోంది. లైను నిండిపోయి ఉబ్బింది. కూలింగ్ సరిగా లేదు, వేడెక్కుతోంది." అతను కాగితాన్ని తన వైపు తిప్పుకుని వేలితో గీత వెంట పోయాడు. "ఇదేగా మీరు చెప్పేది?"

"అదే. ఇంత బాగా నేను ఎవరికీ చెప్పలేదు."

అద్దాలమ్మాయి భర్త ముఖం చూసింది. నెల రోజులుగా ఆ ముఖం మీద ఉన్నది సిగ్గు. ఇప్పుడక్కడ ఆలోచన ఉంది. మగతనం పోయిందని కుంగిపోయినవాడు, వాల్వు పోయిందనగానే చొక్కా చేతులు మడవడానికి సిద్ధమైపోయాడు. ఎంత సంతోషించాలో అంత కోపం వచ్చింది ఆమెకు. ఈ ముక్క ఎప్పుడో తెలిసేది కదా! ఒక్క మధ్యాహ్నం పని!

రెండో శాంపిల్ రోజు వ్యాను ఆమే నడిపింది. కౌంటరు అమ్మాయి చెప్పిందంతా ఈసారి ఇద్దరూ నిలబడి విన్నారు. ఇన్ని రోజులు దూరంగా ఉండాలి, సబ్బులూ నూనెలూ తగలకూడదు, ఒక్క చుక్క పోయినా చెప్పాలి. మంచు మాస్టారు డబ్బాని బనియను లోపల పొట్టకి ఆనించుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు, గుడ్డు పొదుగుతున్న కోడిలా.

"ఏసీ ఆపు," అన్నాడు.

"ఏమన్నావ్?"

"ఏసీ ఆపవే బాబూ! గాలి తగులుతోంది!"

ఆ మాట అతని నోటి నుంచి వినడానికి ఎంత ట్రాఫిక్ అయినా భరించవచ్చనిపించింది. ఎర్ర లైటు దగ్గర పక్క కారులో ఆయన, పొట్ట పట్టుకుని కూర్చున్న మంచు మాస్టారిని జాలిగా చూసి దారిచ్చాడు.

ఈసారి సున్నా రాలేదు. అలాగని మేళతాళాలు మోగే అంకెలూ రాలేదు. కణాలు తక్కువగా ఉన్నాయి, ఉన్నవాటిలో చాలా వరకు మందకొడిగా ఉన్నాయి. కొన్ని మాత్రం బుద్ధిగా ముందుకు ఈదుతున్నాయి. కొన్నాళ్ళాగి మరోసారి చూసినా దాదాపు అలాగే వచ్చింది. చిన్న ఆపరేషన్‌తో ఆ సిరలు కట్టెయ్యవచ్చని, కొత్త కణాలు తయారవడానికి నెలలు పడుతుంది కనుక ఫలితం వెంటనే తెలియదని, చాలామందిలో మెరుగవుతుంది కానీ హామీ ఇవ్వలేనని, కాకపోతే ల్యాబు సాయంతో వేరే దారులున్నాయని డాక్టరు చెప్పాడు. డాక్టరమ్మ ఆమె కడుపులో కెమెరా పెట్టి చూసే సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టేసింది.

మెట్లు దిగుతూ అద్దాలమ్మాయి మధ్యలో ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. అదే నా బాధ. నాకు ఏమీ కాలేదు! ఇన్నాళ్ళూ బాగున్నదాన్ని పట్టుకుని చూసిందే చూశారు. నువ్వు పక్కన కూర్చుని అంకెలు చూసుకున్నావు. ఆ రంగెక్కించిన రోజు నేనెంత అరిచానో నీకు తెలుసా? నువ్వు బయట కంప్రెసరు గురించి ఫోనులో మాట్లాడుతున్నావు."

"తెలుసు. వినపడింది." అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అందుకే గట్టిగా మాట్లాడాను. నా వల్లేనేమో అని అప్పుడే అనిపించింది. భయమేసింది."

"నొప్పి పడింది, కషాయం తాగుతున్నది నేను కదా? భయం నీకా?"

ఈసారి అతను సాకు చెప్పలేదు. కళ్ళద్దాలు తీసి ఒక గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. అది ఆమె ఇచ్చిన గుడ్డే, నీలం అంచుది. పిల్లి ఎత్తుకుపోయిందన్న గుడ్డ. చూసి కూడా ఆమె నవ్వలేదు. నవ్వితే మళ్ళీ ఇదీ మధ్యలోనే ఆగిపోతుంది.

"ఇంట్లో చెప్పాలి," అంది.

"చెప్తాలే."

"ఎప్పుడు?"

"చెప్తానన్నాగా."

ఆ చెప్తాలే అన్న మాట ఎంతకాలం సాగుతుందో ఆమెకు తెలుసు. పళ్ళ సీజనంత.

మర్నాడు పొద్దున ముఖం కడుక్కుని వచ్చేసరికి గట్టు మీద గ్లాసు. ఇవాళ ఇంకాస్త చిక్కగా ఉంది.

"మందు చెట్టు వేళ్ళు ఎక్కువ వేశాను," అన్నారు అత్తగారు. "నీకు మామూలు మోతాదు చాలట్లేదు. కానీ అమ్మాయ్, త్వరగా."

ఆమె భర్త వైపు చూడలేదు. చూసి చూసి విసుగొచ్చింది. చెయ్యి చాపింది. గ్లాసు అక్కడ లేదు.

మంచు మాస్టారు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకసారి వాసన చూశాడు. ముక్కు మూసుకున్నాడు. ఒక్క గుక్క అనుకున్నాడు పాపం, మూడో గుక్కకి కళ్ళు తేలేశాడు. అయినా వదల్లేదు. అడుగున ఉన్న పొడితో సహా తాగి, గ్లాసు గట్టు మీద బోర్లించి, మూతి తుడుచుకున్నాడు.

"ఒరేయ్! అది ఆడవాళ్ళ మందురా!"

"తెలుసమ్మా. కవలలు పుడితే నీకే ముందు చెప్తాను."

"ఏమిటా వేళాకోళం?"

"వేళాకోళం కాదు. తనకి ఏ లోపమూ లేదు. మొదటినుంచీ లేదు. ఉన్నది నాలో. పరీక్షలు చేశారు, డాక్టరు చూశాడు. ఒక వాల్వు పోయింది, ఆపరేషన్ చేయించుకుంటున్నాను. పిల్లలు పుట్టచ్చు, పుట్టకపోవచ్చు. ఇంతకుముందే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఆ కషాయం మాత్రం ఇక చెయ్యకు." చేదు మళ్ళీ పైకి ఎగదన్నినట్టుంది, గొంతు పట్టుకున్నాడు. "దేవుడా! ఇది రోజూ తాగిందా?"

తొట్టి వైపు పరుగెత్తాడు. కుళాయి తిప్పిన చప్పుడు, పుక్కిలించిన చప్పుడు, మధ్యలో మూలుగు.

అత్తగారు కదలలేదు. జీవితంలో ఎంతమంది అబద్ధాలు విన్నారో, పాసు ఇంట్లో మర్చిపోయామన్నవాళ్ళని ఎంతమందిని పట్టుకున్నారో. కొడుకు వీపు వైపు చాలాసేపు చూశారు. తర్వాత గ్లాసు వైపు. తర్వాత కోడలి వైపు. పొయ్యి మీద గిన్నెలో మిగిలిన నల్లటి కషాయాన్ని చూశారు.

"టైమ్‌కీపరు చెప్పాడే," అన్నారు ఎవరితోనూ కాకుండా.

అద్దాలమ్మాయికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఈ వేళప్పుడు ఆమె పని నిలబడి తాగడమే. చేతులు ఖాళీగా ఉన్నాయి. నోరు మామూలుగా ఉంది. కోపం పోలేదు, పోయే దారిలో కూడా లేదు, ఆపరేషనూ నెలలూ ముందున్నాయి. ఊరికే గట్టుకి ఆనుకుని నిలబడింది.

అత్తగారు బల్ల దగ్గరికి వెళ్ళి, కొడుకు కూర్చునే కుర్చీని వెనక్కి లాగారు. కొంగుతో ఒకసారి తుడిచారు.

"కూర్చో అమ్మాయ్," అన్నారు. "సీటు ఖాళీయే. నెమ్మదిగా కూర్చో. వెనకాల ఎవరూ లేరు."